పాత గేమింగ్ పీసీలో ముందు ఏది మార్చాలి? అపోహలు – వాస్తవాలు

2018 నుంచి 2020 మధ్య అసెంబుల్ చేయించిన గేమింగ్ పీసీలు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో నడుస్తున్నాయి. లోపల సరంజామా దాదాపు ఒకేలా ఉంటుంది: కోర్ ఐ5-9400ఎఫ్ లేదా రైజెన్ 5 2600, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్కు, జీటీఎక్స్ 1650 లేదా 1660 సూపర్, 1 టీబీ హార్డ్ డిస్క్, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై). కొత్త గేమ్ వేస్తే ఆగి ఆగి నడుస్తుంది. షాపులో అడిగితే గ్రాఫిక్స్ కార్డు మార్చమంటారు, స్నేహితుడు ర్యామ్ వేయమంటాడు, ఇంకొకరు మొత్తం అమ్మేసి కొత్తది కొనమంటారు. మూడు మాటలూ ఏదో ఒక మెషీన్‌కి నిజమే. మీ మెషీన్‌కి ఏది నిజమో కొలిచి చూస్తేనే తెలుస్తుంది. కొలవడానికి పైసా ఖర్చు లేదు, అరగంట చాలు.

అపోహ: గేమ్ నెమ్మదిస్తే మార్చాల్సింది గ్రాఫిక్స్ కార్డే

చాలాసార్లు కార్డే. అయినా ముందు ఈ పని చేయండి. కార్డు పనితీరు చూపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటు వచ్చే రివాట్యూనర్ ఇన్‌స్టాల్ చేసుకుని, ఆడుతుండగా స్క్రీన్ మీద ఇవి కనిపించేలా పెట్టుకోండి: జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం, టెంపరేచర్లు, వీడియో మెమరీ, ఒక్కో సీపీయూ థ్రెడ్ (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పని వరస) వాడకం విడివిడిగా, ర్యామ్ వాడకం, ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేముకి పట్టే సమయం) గ్రాఫ్. వీసింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు) ఆపేయండి, ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) పరిమితి తీసేయండి. తీయకపోతే 60 దగ్గర ఆగిన గేమ్‌లో కార్డు సగమే పనిచేస్తుంటుంది, అది చూసి తప్పంతా ప్రాసెసర్‌దే అనుకుంటారు. జనం రద్దీగా ఉండే వీధి, పెద్ద ఫైట్, ఇలాంటి బరువైన చోటు ఎంచుకుని ఐదు నిమిషాలు ఆడండి.

జీపీయూ వాడకం 95–99 శాతం దగ్గర నిలకడగా ఉంటే అడ్డంకి కార్డే. మాటిమాటికీ 60, 70కి పడిపోతుంటే కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ నుంచి పని కోసం ఎదురుచూస్తోందని అర్థం. చాలామంది పొరబడేది ఇక్కడే. టాస్క్ మేనేజర్‌లో మొత్తం సీపీయూ 45 శాతం కనిపించగానే ప్రాసెసర్‌కి ఇంకా ఓపిక ఉందనుకుంటారు. 12 థ్రెడ్ల ప్రాసెసర్‌లో గేమ్‌కి కీలకమైన థ్రెడ్ ఒకటి పూర్తిగా నిండినా, మొత్తం లెక్కలో అది 8 శాతమే. విడివిడిగా చూసినా ఒక్కోసారి దొరకదు, ఎందుకంటే విండోస్ ఆ పనిని ఒక థ్రెడ్ మీద నుంచి మరో థ్రెడ్ మీదికి తిప్పుతుంటుంది. అనుమానం పూర్తిగా తీరాలంటే రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి దించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే కార్డు చాలడం లేదు. ఉన్నచోటే ఉంటే అడ్డుపడుతున్నది ప్రాసెసర్ లేదా ర్యామ్.

రెండు మూడు గేమ్‌లలో ఇలా చూడండి. ఒకే మెషీన్‌లో వాలరెంట్‌కి ప్రాసెసర్ చాలకపోవచ్చు, సైబర్‌పంక్ 2077కి కార్డు చాలకపోవచ్చు. రెండు భాగాల పేర్లు ఇస్తే ‘ఇంత శాతం బాటిల్‌నెక్’ అని లెక్క చెప్పే వెబ్‌సైట్లను నమ్మి డబ్బు పెట్టొద్దనేది అందుకే. మీరు ఏ గేమ్ ఆడతారో, ఏ సెట్టింగుల్లో ఆడతారో, మీ మానిటర్ 60 హెర్ట్‌జ్‌దో 144 హెర్ట్‌జ్‌దో వాటికి తెలియదు. మానిటర్ 60 హెర్ట్‌జ్‌దే అయి, గేమ్ ఇప్పటికే నిలకడగా 60 ఇస్తుంటే, కొత్త కార్డు ఇచ్చే అదనపు ఫ్రేములు కంటికి ఆనవు.

అపోహ: ర్యామ్ ఎంత పెంచితే గేమ్ అంత వేగం

ర్యామ్ చాలనప్పుడు పెంచితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సరిపడా ఉన్నాక పెంచితే ఏమీ కనిపించదు. ఈ తరం మెషీన్లలో అసలు లోపం చాలాసార్లు ఒకే స్టిక్కు ఉండటం. డీడీఆర్4-3200 ఒక స్టిక్కుతో సెకనుకి 25.6 జీబీ వెళ్తుంది, రెండు స్టిక్కులు డ్యూయల్ చానెల్‌లో ఉంటే 51.2 జీబీ. ప్రాసెసర్ మీద భారం పడే గేమ్‌లలో జెర్కులు తగ్గేది ఈ మార్పుతోనే. నాలుగు స్లాట్ల మదర్‌బోర్డులో రెండు స్టిక్కులు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టాలి. పక్కపక్కన 1, 2లో పెడితే సాధారణంగా రెండూ ఒకే చానెల్‌లోకి వెళ్తాయి, కొన్న ఫలితం దక్కదు.

పెట్టాక బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూలో) ఎక్స్ఎంపీ, అంటే స్టిక్కుని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చేయాలి. కొన్ని ఏఎండీ బోర్డుల్లో దాని పేరు డీఓసీపీ లేదా ఏ-ఎక్స్ఎంపీ. ఆన్ చేయకపోతే 3200 స్టిక్కు 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీలో స్పీడ్ చూస్తే తెలిసిపోతుంది. హెచ్310, బీ360, బీ365 బోర్డుల్లో ఐ5-9400ఎఫ్‌కి హద్దు 2666 కాబట్టి, ఆ బోర్డుల వారు 3600 స్టిక్కులకి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. పాత స్టిక్కుకి వేరే కంపెనీ స్టిక్కు జత చేస్తే చాలావరకు నడుస్తుంది, వేగం మాత్రం రెండింట్లో నెమ్మదైన దానిదే. జత కుదరకపోతే గేమ్ మధ్యలో డెస్క్‌టాప్‌కి పడిపోవడం, బ్లూ స్క్రీన్ రావడం మొదలవుతాయి. మెమ్‌టెస్ట్86 కనీసం ఒక రాత్రి నడిపి, ఒక్క ఎర్రర్ వచ్చినా దుకాణదారుడికి తిరిగి ఇచ్చేయండి.

2025 చివరి నుంచి మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. మీ దగ్గర మంచి డీడీఆర్4 ఉంటే దాన్ని ఉంచుకునే దారే ముందు ఆలోచించండి. కింద ప్రాసెసర్ గురించి చెప్పేటప్పుడు ఈ మాట అక్కరకొస్తుంది.

అపోహ: ఎస్ఎస్‌డీ వేస్తే ఎఫ్‌పీఎస్ పెరుగుతుంది

సగటు ఎఫ్‌పీఎస్ పెరగదు. పెద్ద మ్యాపుల్లో పరిగెడుతుంటే గోడలు, రోడ్లు ఆలస్యంగా తేలడం, అప్పుడప్పుడు చిక్కుకున్నట్టు ఆగడం తగ్గుతాయి, లోడింగ్ సమయం బాగా తగ్గుతుంది. కొత్త పెద్ద గేమ్‌లలో కొన్ని కనీస అవసరాల్లోనే ఎస్ఎస్‌డీ అడుగుతున్నాయి కాబట్టి హార్డ్ డిస్క్ మీద గేమ్ ఆడే రోజులు పోయాయనే చెప్పాలి. హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్ఎస్‌డీకి వెళ్తే కనిపించేంత తేడా, సాటా నుంచి ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకానికి వెళ్తే చాలా గేమ్‌లలో కనిపించదు. కొనే ముందు బోర్డు మాన్యువల్ తెరవండి: ఎస్ఎస్‌డీ నేరుగా బోర్డులో దిగే ఎం.2 స్లాట్లు కొన్ని సాటా రకాన్నే తీసుకుంటాయి, కొన్నింట్లో ఎం.2 నింపగానే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. తర్వాత ‘హార్డ్ డిస్క్ పోయింది’ అని కంగారు పడేది ఇందుకే.

అపోహ: ఎస్ఎంపీఎస్ మీద 450 అని రాసుంది, చాలు

అప్‌గ్రేడ్‌లలో మెషీన్‌ని నిజంగా కాల్చేసే తప్పు ఇదొక్కటే. అందుకే దీని మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి.

క్యాబినెట్ పక్క తలుపు తీసి లేబుల్ చదవండి. పెద్ద అక్షరాల్లో రాసిన వాట్లు కాదు, 12 వోల్టుల గడిలో ఉన్న ఆంపియర్లు చూడాలి. 34 ఆంపియర్లుంటే 34 × 12 = 408 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తినేది దాదాపు అంతా ఇక్కడి నుంచే. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన కొన్ని ‘450 వాట్ల’ యూనిట్లలో ఈ అంకె 20 దరిదాపుల్లోనే ఉంటుంది, అంటే 240 వాట్లు. 12వీ1, 12వీ2 అని రెండు గడులుంటే వాటిని కూడకండి, పక్కన రాసిన ఉమ్మడి వాట్లే లెక్క. 80 ప్లస్ ముద్ర చెప్పేది కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందనే. లోపలి భాగాల నాణ్యతకి, రక్షణ సర్క్యూట్లకి అది హామీ కాదు.

ఇప్పుడు కార్డు వైపు లెక్క. స్లాట్ నుంచి 75 వాట్ల దాకా, 6 పిన్నుల కేబుల్‌తో 75, 8 పిన్నుల కేబుల్‌తో 150. ఆర్ఎక్స్ 6600 తీసుకునేది 132 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060 తీసుకునేది 115, ఆర్‌టీఎక్స్ 3060 తీసుకునేది 170. 65 వాట్ల తరగతి ప్రాసెసర్‌తో మొదటి రెండూ నాణ్యమైన 450 యూనిట్ మీద నడుస్తాయి. ఎన్విడియా మాత్రం 4060కి 550 వాట్లు సూచిస్తుంది, ఏ నాసిరకం యూనిట్ దొరికినా పని నడవాలని పెట్టుకున్న జాగ్రత్త అది.

8 పిన్నుల కేబుల్ లేదని సాటా కనెక్టర్ నుంచి మార్చే అడాప్టర్ ఎప్పుడూ వాడకండి. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లే. అంతకు మించి లాగితే ప్లాస్టిక్ కరుగుతుంది. కేబుళ్లు విడిగా ఊడివచ్చే మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ మార్చేటప్పుడు పాత కేబుళ్లను కొత్తదానికి తగిలించడమూ అంతే ప్రమాదం. కేబుల్ సరిగ్గా దిగినంత మాత్రాన లోపల పిన్నుల వరస ఒకటే కాదు, డిస్కులు క్షణంలో కాలిపోతాయి.

యూనిట్ అలిసిపోయిందని ఎలా తెలుస్తుంది? బ్లూ స్క్రీన్ లేకుండా, గేమ్ బరువు పడ్డప్పుడే మెషీన్ ఠక్కున ఆగిపోతుంది లేదా రీస్టార్ట్ అవుతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 కనిపిస్తుంది. అది కారణం చెప్పదు, మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రం చెబుతుంది. టెంపరేచర్లు మామూలుగా ఉండి ఇలా జరుగుతుంటే కొత్త కార్డు కన్నా ముందు ఎస్ఎంపీఎస్ కొనండి.

అపోహ: ఏ కొత్త కార్డైనా పాత బోర్డులో పూర్తి వేగంతో నడుస్తుంది

స్లాట్‌లో దిగుతుంది, నడుస్తుంది. పూర్తి వేగం మాత్రం కార్డుని బట్టి. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీకి బోర్డుతో డేటా ఇచ్చిపుచ్చుకునే లేన్లు నాలుగే, మెమరీ 4 జీబీ. కార్డు స్లాట్ పాత పీసీఐఈ 3.0 రకమైన బోర్డులో ఆ నాలుగు లేన్ల వేగం సగానికి పడిపోతుంది, 4 జీబీ నిండగానే గేమ్ కుదేలవుతుంది. పాత మెషీన్ల వారికే ఎక్కువగా అమ్ముడుపోయే ధరలో ఉంటుంది, పాత మెషీన్లకే అది తగదు. ఎనిమిది లేన్ల ఆర్ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 లాంటివాటికి 3.0 మీద నష్టం మామూలుగా స్వల్పమే, 8 జీబీ దాటేలా టెక్స్‌చర్లు పెట్టనంతవరకు.

ఇంటెల్ ఆర్క్ బీ580 మీద చాలామంది కన్ను పడుతుంది, 12 జీబీ మెమరీ కదా. దానికి రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకోనిచ్చే సెట్టింగు) తప్పనిసరిలాంటిది, పాత బోర్డుల్లో ఆ సదుపాయం ఉండకపోవచ్చు. పైగా దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుంది. రైజెన్ 5 2600 లాంటి ప్రాసెసర్‌తో కొన్ని గేమ్‌లలో ఆ కార్డు సత్తా బయటికి రాదు. కొత్త ప్రాసెసర్ ఉన్నవారికి మంచి బేరం, ఈ మెషీన్లకి కాదు.

అపోహ: ప్రాసెసర్ మార్చాలంటే బోర్డు, ర్యామ్ అన్నీ మార్చాల్సిందే

ఇంటెల్ వైపు ఈ మాటలో నిజం ఎక్కువ. 8, 9 తరాలది 300 సిరీస్ బోర్డు. 6, 7 తరాలకీ అదే ఎల్‌జీఏ1151 పేరున్న సాకెట్టే అయినా ఒకదానిది మరొకదానికి పనికిరాదు. 9400ఎఫ్ ఉన్నవారికి మిగిలిన దారి వాడిన ఐ7-8700 లేదా ఐ7-9700. సరసమైన ధరకి దొరికితేనే తీసుకోండి.

ఏఎండీ ఏఎం4 సాకెట్ వారి అదృష్టం వేరు. బీ450 బోర్డులో రైజెన్ 5 2600 తీసి రైజెన్ 5 5600 పెట్టొచ్చు, రైజెన్ 7 5700ఎక్స్3డీ, 5800ఎక్స్3డీ దాకా వెళ్లొచ్చు. ఎక్స్3డీ ప్రాసెసర్లలో 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఉంటుంది, 5600లో 32 ఎంబీ. ప్రాసెసర్ భారం ఎక్కువున్న గేమ్‌లకి ఆ క్యాష్ బాగా కలిసొస్తుంది. పాత డీడీఆర్4 అలాగే ఉండిపోతుంది. ధర తక్కువని 5500 వైపు వెళ్తే క్యాష్ 16 ఎంబీకి పడిపోతుందని తెలిసి కొనండి.

వరస తప్పితే మాత్రం మెషీన్ లేవదు. పాత ప్రాసెసర్ ఉండగానే బోర్డు కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ జాబితా చూసి, బోర్డు రివిజన్ నంబర్ సరిపోల్చి, అందులో చెప్పిన బయోస్ ఎక్కించండి. ఎక్కుతుండగా కరెంటు పోతే బోర్డు మూగబోతుంది కాబట్టి యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. విండోస్‌లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైజ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే ముందు సస్పెండ్ చేసి, రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ప్రాసెసర్ మారగానే దానిలోని భద్రతా భాగం ఎఫ్‌టీపీఎంలో ఉన్న తాళాలు పోతాయి, కీ లేకపోతే డేటా అంతే. కూలర్ తీసే ముందు పది నిమిషాలు గేమ్ ఆడి, కూలర్ కింది థర్మల్ పేస్టు వేడెక్కనివ్వండి. తర్వాత ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి ఎత్తండి. నేరుగా పైకి లాగితే ఎండిన పేస్టు పట్టేసి ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. కొత్త పేస్టు బఠాణీ గింజంత చాలు.

అపోహ: వేడెక్కుతోందంటే ఆయుష్షు తీరినట్టే

దుమ్ము పట్టి, పేస్టు ఎండిన మెషీన్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఐ5-9400ఎఫ్ 100 డిగ్రీల దగ్గర క్లాక్ దించేస్తుంది. మే నెలలో గది 38 డిగ్రీలుంటే, డిసెంబరు నాటి 25తో పోలిస్తే లోపలి టెంపరేచర్లూ సుమారు ఆ 13 డిగ్రీలు పెరుగుతాయి. శుభ్రం చేసి పేస్టు మార్చాకే పైన చెప్పిన కొలతలన్నీ తీయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో ఆపి పట్టుకోండి, విపరీతంగా తిరగనిస్తే బేరింగులు పాడవుతాయి.

అపోహ: క్రిప్టో మైనింగ్ చేసిన కార్డు ఎప్పుడూ కొనకూడదు

ఏ పని చేసిందన్నదాని కన్నా ఇప్పుడు ఎలా ఉందన్నదే చూడాలి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో పరిచయమైనవారి దగ్గర కొన్నా, డబ్బు చేతిలో పెట్టే ముందు కార్డుని బరువైన గేమ్‌తో 20 నిమిషాలు నడిపించమనండి. స్క్రీన్ మీద రంగు చుక్కలు, గీతలు రాకూడదు, ఫ్యాన్లు గరగరలాడకూడదు. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ తెరిచి షేడర్ల (చిప్‌లోని లెక్కల యూనిట్ల) సంఖ్య చూడండి: అసలైన ఆర్ఎక్స్ 580కి 2304. అక్కడ 2048 ఉంటే అది 580 పేరుతో వచ్చిన 570 స్థాయి కార్డు, ధర కూడా ఆ స్థాయిలోనే ఇవ్వాలి. జీటీఎక్స్ 10 సిరీస్ ఎంత చవగ్గా వచ్చినా ఇప్పుడు కొనడం మంచిది కాదు: 2025 అక్టోబరుతో వాటికి కొత్త గేమ్‌ల డ్రైవర్లు ఆగిపోయాయి, ఇక వచ్చేవి భద్రతా అప్‌డేట్లే.

అపోహ: ఆరేడేళ్ల మెషీన్ అయితే మొత్తం మార్చడమే మేలు

వయసు కాదు, కోర్లూ సాకెట్టూ తేలుస్తాయి. ఐ5-7400 లాంటి నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్ల మెషీన్‌లో కొత్త కార్డు పెడితే జెర్కులు అలాగే ఉంటాయి. విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా అడిగేది ఇంటెల్ 8వ తరం లేదా రైజెన్ 2000, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలన్నా టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ కావాలి. కాబట్టి ఐ5-7400 వారికి బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కలిపి మార్చడమే దారి, ఉన్న కార్డు, క్యాబినెట్, ఎస్ఎస్‌డీ అందులోకే వెళ్తాయి. అదే వయసున్న రైజెన్ 5 1600 మెషీన్‌కి విండోస్ 11 జాబితాలో చోటు లేకపోయినా, బోర్డు బీ350 లేదా బీ450 అయి కంపెనీ బయోస్ ఇచ్చి ఉంటే, ఒక్క రైజెన్ 5 5600తో ఆ ఇబ్బందీ, గేమ్‌లో జెర్కులూ రెండూ తీరతాయి.