ఆ 92 గురించి

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

బడిలో పెట్టిన ఐక్యూ పరీక్షలో, అదే తెలివిని అంకెతో కొలిచే పరీక్షలో, అన్నకు 118, చెల్లికి 92 వచ్చాయనీ, ఆ రోజు నుంచి చిన్నది లెక్కల పుస్తకం ముట్టుకోవడం లేదనీ మీ అమ్మ చెప్పింది. "ఈ అంకె ఇంక మారదు కదా అమ్మమ్మా?" అని అడిగావు పెద్దోడా. ఫోన్లో తేలే మాట కాదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి.

ఈ పరీక్ష పారిస్‌లో పుట్టింది. బడిలో వెనకబడే పిల్లలను ఎలా గుర్తించాలో, వాళ్లకు ఏం చేయాలో తేల్చమని 1904లో అక్కడి ప్రభుత్వం ఒక సంఘం వేసింది. అందులో ఉన్న మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ బినె, తన సహచరుడు సిమోన్‌తో కలిసి 1905లో 30 అంశాల పరీక్ష తయారుచేశాడు. వెలిగించిన అగ్గిపుల్లను కళ్లతో అనుసరించడం దగ్గర మొదలై, అర్థం దగ్గరదగ్గరగా ఉండే మాటలకు తేడా చెప్పడం దాకా మెట్లు మెట్లుగా ఉంటుంది. ఎవరికి సాయం కావాలో తెలుసుకోవడం కోసం పుట్టింది, ఎవరు గొప్పో తేల్చడానికి కాదు. తెలివి పుట్టుకతో ఎంతుంటే అంతే అనేవాళ్లను బినె 1909లో గట్టిగా ఖండించాడు. శ్రద్ధ, జ్ఞాపకం పెరగడానికి పిల్లల చేత అభ్యాసాలు చేయించాలన్నాడు. 1911లో ఆయన పోయాడు. 1912లో స్టెర్న్ అనే జర్మన్ పండితుడు మానసిక వయసును, అంటే ఏ వయసు పిల్లలు చేయగలిగే ప్రశ్నల దాకా చేశారో ఆ వయసును, అసలు వయసుతో భాగించమన్నాడు. 1916లో అమెరికాలో టెర్మన్ అనే మనస్తత్వవేత్త దాన్ని 100తో హెచ్చించాడు. అలా ఒక్క అంకె తయారై, పిల్లల నుదుటికి అతుక్కుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఇప్పుడు ఆ భాగహారం కూడా లేదు. నీ వయసు పిల్లల సగటును 100గా పెట్టుకుని, నువ్వు దానికి ఎంత దూరంలో ఉన్నావో చెబుతారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు 85కీ 115కీ మధ్యే ఉంటారు. చిన్నదాని 92 ఆ గుంపు నడిమధ్యలోదే తల్లీ. పైగా అదే పరీక్ష మళ్లీ పెడితే అంకె కొంత అటూ ఇటూ అవుతుంది. అందుకే పద్ధతిగా రాసే నిపుణులు అంకె పక్కనే, అది ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో ఆ హద్దులు కూడా రాస్తారు.

మనుషుల పరిస్థితి మారితే కూడా అంకె మారుతుంది. తమిళనాడు చెరకు రైతులకు కోతకు ముందు, తర్వాత ఒకే తరహా పరీక్ష పెట్టారు. గళ్లలో బొమ్మలుంటాయి, వరుస చూసి ఖాళీ గడిలోకి ఏది వస్తుందో చెప్పాలి. చేతిలో డబ్బు ఆడని కోత ముందు రోజుల్లో తక్కువ వచ్చింది, పంట డబ్బు అందాక అదే రైతులు మెరుగ్గా చేశారు. ఇది 2013లో అచ్చయింది. అప్పుల దిగులు బుర్రలో సగం చోటు ఆక్రమిస్తే మిగిలినదానితోనే కదా ఎవరైనా ఆలోచించేది!

ఇంకొకటి చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టం. మోండా మార్కెట్లో నేను కూరలు కొనే ఆవిడకు సంతకం రాదు, వేలిముద్రే. కాకరకాయ కిలో 60 అంది. కిలో పావు తూచమన్నాను. తక్కెడ కిందికి దించకముందే "అరవై, పదిహేను, డెబ్బైఅయిదు ఇయ్యమ్మా" అంది. ఒక చేత్తో నాకు చిల్లర లెక్కబెడుతూ రెండో చేత్తో వేరే వాళ్లకు టమాటాలు ఏరుతోంది. 60ని ఒకటింబావుతో హెచ్చించమని కాగితం మీద ఇస్తే ఆవిడ బిక్కమొహం వేస్తుంది. బ్రెజిల్‌లోని రెసిఫే ఊళ్లో అచ్చం ఇదే చూశారు. బజార్లో సరుకులమ్మే పిల్లలు బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో నూటికి 98 సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు ఉత్త అంకెలుగా కాగితం మీద ఇస్తే 37 మాత్రమే. ఒక కుర్రాడు, కొబ్బరికాయ 35 అయితే పదింటికెంత అంటే, సున్నా చేర్చలేదు. మూడింటికి 105, ఇంకో మూడు కలిపితే 210 అంటూ మూటలు కట్టుకుంటూ 350కి చేరాడు. 1985లో అచ్చయిన ఈ పనిని టీచర్లందరూ చదవాలి.

మన దేశంలోనూ చదువు రానివాళ్ల తెలివిని మాటలతో కొలవడం అన్యాయమని గుర్తించారు. 1955లో సి.ఎం. భాటియా ఘనాలు పేర్చడం, బొమ్మ ముక్కలు కలపడం లాంటి చేతి పనులతో పరీక్ష రూపొందించారు. బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో బుద్ధి వికాసం తక్కువైన పిల్లల కోసం 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది. ఇలాంటి పిల్లల విషయంలో అంకెతో ఆపరు. సొంతంగా అన్నం తింటారా, బట్టలు వేసుకుంటారా, దుకాణానికి వెళ్లొస్తారా అన్నదీ చూస్తారు.

తెలివి ఏడు రకాలని 1983లో గార్డ్‌నర్ అనే అమెరికా మనస్తత్వవేత్త చెప్పిన మాట మీ టీచరు చెప్పే ఉంటారు. సంగీతం, ఆట, మనుషులను అర్థం చేసుకోవడం కూడా తెలివేనన్నది మంచి మాటే. కానీ అవన్నీ వేటికవి వేరన్న దానికి పరిశోధనల్లో గట్టి ఆధారం దొరకలేదు. ఒక రకం పరీక్షలో బాగా చేసినవాళ్లు మిగతావాటిలోనూ కొంత ముందుంటారని స్పియర్‌మన్ అనే ఇంగ్లండ్ మనస్తత్వవేత్త 1904లోనే చూపించాడు, అది ఇప్పటికీ నిలబడింది. కాబట్టి "నాది బొమ్మల తెలివి, నాకు లెక్కలు రావు" అని చిన్నది తనకు తానే చీటీ అంటించుకుంటే నేను ఒప్పుకోను.

మీ అమ్మను ఆ నివేదిక మొత్తం ఫొటో తీసి పంపమన్నాను. చిన్నదానికి ఘనాల్లో, బొమ్మల్లో అన్నకన్నా ఒక మెట్టు ఎక్కువే. తగ్గిందల్లా పరీక్షించే ఆయన అంకెలు చదువుతుంటే విని తిరిగి చెప్పే భాగంలోనూ, నోటి లెక్కల్లోనూ. రెండూ చెవితో పని. పోయిన వానాకాలం అంతా దానికి చెవి కారింది కదా. అందుకే ముందు చెవి చూపించాలి. వచ్చే సోమవారం పొద్దున్నే కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రికి నేను తీసుకెళ్తాను, ఓపీ చీటీకి వరుస పెద్దగా ఉంటుంది కాబట్టి ఏడింటికల్లా తయారుగా ఉండు తల్లీ. పెద్దోడా, అప్పటిదాకా దానికి లెక్కలు చెప్పేటప్పుడు వెనక నుంచి కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పు.

ఇట్లు,
మీ అమ్మమ్మ