రెండు మత్తులు కలిస్తే: అపోహలు, వాస్తవాలు

అపోహ: "గురక పెడుతున్నాడు సార్, నిద్రపోయాడులే అనుకున్నాం."

తిరుపతిలో ఎమర్జెన్సీ డ్యూటీ చేసే నాకు హాస్టల్ కుర్రాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాట ఇదే. మద్యం మీద అల్ప్రాజోలం (ఆందోళన తగ్గించడానికి రాసే మగత మాత్ర) లాంటిది వేసుకుంటే వచ్చేది నిద్ర కాదు. రెండూ మెదడును ఒకే దారిలో మందగింపజేస్తాయి, ఒకదాని బలాన్ని ఇంకోటి పెంచుతుంది. నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడితే గరగరమంటుంది. పక్కవాళ్లు గురక అనుకునేది దాన్నే. మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి ఆడాలి. అది 8కి పడిపోయినా, పెదాలు నీలంగా మారినా, గట్టిగా గిల్లినా పలక్కపోయినా తెల్లారేదాకా ఆగకండి.

అపోహ: మజ్జిగో నిమ్మరసమో పట్టిస్తే దిగిపోతుంది.

స్పృహ లేనివాడి నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దగ్గి బయటికి తోసే శక్తి అప్పుడు ఉండదు. నెత్తిన చన్నీళ్లు కుమ్మరించినా రక్తంలోని ఆల్కహాల్ తగ్గదు, కాలేయం తన వేగంతోనే పని చేస్తుంది. ఎనర్జీ డ్రింకు కలిపి తాగేవాళ్లదీ ఇదే పొరపాటు. కెఫీన్ వల్ల మగత తెలియదు. బాగానే ఉన్నానుకదా అని ఇంకో పెగ్గు, ఆపైన బండి తాళం.

అపోహ: మెడికల్ షాపు మాత్రలు డ్రగ్స్ కావు.

ట్రమడాల్ నొప్పి మాత్రే, కానీ నల్లమందు తరహాలో పనిచేస్తుంది. మద్యంతో కలిస్తే ఊపిరిని అణిచేస్తుంది, మోతాదు మించితే ఫిట్స్ కూడా వస్తాయి. "నలొక్సోన్ ఇంజెక్షన్ ఉందిగా" అని నెట్‌లో చదివి వచ్చేవాళ్లున్నారు. అది నల్లమందు జాతి మత్తుకే విరుగుడు. మద్యానికి, అల్ప్రాజోలంకి పని చేయదు. పైగా దాని ప్రభావం గంటా గంటన్నరలో పోవచ్చు, మత్తు మళ్లీ కమ్ముకోవచ్చు. కళ్లు తెరవగానే "ఇంక ఇంటికి పోతాం సార్" అంటే నేను ఒప్పుకోను.

అపోహ: గంజాయి ఆకే కదా, మందుతో కలిపితే ఏమవుతుంది?

మద్యంతో కలిస్తే గంజాయిలోని మత్తు పదార్థం రక్తంలో ఎక్కువగా చేరుతుంది. గుండె దడదడలాడుతుంది, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కూలబడతారు. మా దగ్గరికి తలకు కుట్లు వేయించుకోడానికే వస్తారు, అసలు సంగతి తర్వాత బయటపడుతుంది. కొకైన్‌తో మద్యం కలిస్తే కాలేయంలో కోకాఎథిలీన్ అనే మూడో పదార్థం తయారవుతుంది. అది కొకైన్ కన్నా ఎక్కువసేపు ఒంట్లో ఉండి గుండెను దెబ్బతీస్తుంది.

అపోహ: డాక్టరుకి నిజం చెబితే ఇరుక్కుంటాం.

ఇలాంటివి ఎంఎల్‌సీగా, అంటే పోలీసులకు తెలియజేసే మెడికో-లీగల్ కేసుగా రాస్తాం, దాచను. కానీ దానికోసం వైద్యం ఆగదు. ఏం కలిపారో తెలియకపోతే ఏ విరుగుడు ఇవ్వాలో మాకూ అంతుపట్టదు. ముందు 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టి దగ్గరే ఉండండి. జేబులో దొరికిన స్ట్రిప్పు ఖాళీదైనా పారేయకండి. అందులో ఎన్ని మాత్రలు పోయాయో లెక్కపెట్టుకోవడం మాకు అవసరం.