క్వార్ట్‌సైట్ వెళ్తున్న పిల్లలకు

చి. పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. డిసెంబరు సెలవుల్లో మోటర్‌హోమ్ (లోపలే వండుకుని పడుకునే ఇల్లులాంటి బండి) తీసుకుని అరిజోనాలోని క్వార్ట్‌సైట్ వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. క్వార్ట్‌సైట్ పక్కనున్న లా పోసాలో మీరు బండి ఆపే ఎడారి నేలలో కరెంటు ప్లగ్గులు ఉండవు. రాత్రి గడవాలంటే బండి లోపలి లైట్లూ ఫ్యాన్లూ నడిపే హౌస్ బ్యాటరీయే దిక్కు. దాన్ని ఎలా చూసుకోవాలో తెలుసుకుని బయల్దేరండి.

మీ బ్యాటరీ 100 ఆంపియర్-అవర్ల (అంటే, ఒక ఆంపియర్ చొప్పున వంద గంటలు ఇచ్చేంత కరెంటు పట్టే) లెడ్-యాసిడ్ రకం. అందులో సగమే వాడుకోవాలి. మాటిమాటికీ సగం కంటే కిందికి దించితే త్వరగా పాడవుతుంది. అన్నీ ఆపేసి, కాసేపాగి మీటరు చూడండి. 12.7 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గరికొస్తే సగమైనట్టు. సోలార్ పానెల్ చార్జ్ చేస్తున్నప్పుడు కనిపించే అంకెను నమ్మకండి, అది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది.

ఎల్‌ఈడీ లైట్లకీ ఫోన్లకీ టెన్షన్ పడక్కర్లేదు. రాత్రంతా బ్యాటరీని తాగేసేది బండిని వెచ్చబెట్టే ఫర్నేసు. మంట ప్రొపేన్ గ్యాసుదే అయినా, వేడిగాలిని తోసే ఫ్యాను తిరిగేది బ్యాటరీ మీదే. ఆ ఫ్యాను 8 ఆంపియర్లు లాగుతూ రాత్రి మొత్తం మీద ఆరు గంటలు తిరిగిందనుకోండి, 48 ఆంపియర్-అవర్లు పోయినట్టే. మీరు వాడుకోదగ్గ సగం దాదాపు దానికే సరి! అందుకే పడుకునే ముందు థర్మోస్టాట్ (ఎంత వెచ్చగా ఉండాలో చెప్పే మీట) తగ్గించి, మందపాటి దుప్పట్లు కప్పుకోండి. మైక్రోవేవ్, హెయిర్ డ్రయర్ ఇన్వర్టర్ మీద పెట్టొద్దు, ఒక్కోటి వంద ఆంపియర్ల పైనే లాగుతుంది. అన్నం, టీ గ్యాసు పొయ్యి మీదే పెట్టుకోండి.

ఎడారి కదా, ఎండకేం కొదవ అనుకుంటారేమో. డిసెంబరు చివర అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 33 డిగ్రీల ఎత్తుకి మించి రాడు. పైకప్పు మీద బల్లపరుపుగా ఉన్న 200 వాట్ల పానెల్ నుంచి రోజుకి 40 ఆంపియర్-అవర్లు వస్తే గొప్ప. దక్షిణం వైపు వాల్చి నిలబెడితే బాగా పెరుగుతుంది. ఆ పనికి నిచ్చెన మీ నాన్నే ఎక్కాలి, మీరు ఎక్కకండి. ఏసీ పెట్టె నీడ పానెల్‌లో ఓ మూల పడినా చార్జింగ్ చాలా పడిపోతుంది, బండి ఆపేటప్పుడే చూసుకోమనండి.

ఎండ సరిపోని రోజున జనరేటర్ వేస్తారు. చాలామంది సాయంత్రం వేస్తారు, నన్నడిగితే పొద్దున్నే మేలు. సగం దిగిన బ్యాటరీ కరెంటును గబగబా తీసుకుంటుంది. 80 శాతం దాటాక, నిండిన బస్సులో చివరి పదిమందిని ఎక్కించినట్టే, నెమ్మదిస్తుంది. ఆ మిగతాది నింపడానికి గంటల తరబడి పెట్రోలు కాల్చడం దండగ. పొద్దున గంటో రెండు గంటలో జనరేటర్ నడిపి ఆపేస్తే, మిగతాది సాయంత్రంలోపు ఎండ నింపుతుంది. జనరేటర్ పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, ప్రాణాంతకం. దాన్ని కిటికీలకు దూరంగా పెట్టించండి.

ఇంటికొచ్చాక బట్టలు ఉతుక్కునే హడావిడిలో బండిని అలాగే వదిలేయొద్దు. సగం ఖాళీగా నిలవుంచిన లెడ్-యాసిడ్ బ్యాటరీలో పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత చార్జ్ చేసినా మునుపటిలా నిండదు. ఆ రాత్రే ఇంటి ప్లగ్గుకు పెట్టి, పూర్తిగా నిండేదాకా తీయకండి.

మీ తాతయ్య