మీసేవ రసీదుపై ఉండే తేదీ: దాని వెనుక కథ

మీసేవ కేంద్రంలో కుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు పెట్టుకున్నవారికి ఇచ్చే రసీదు మీద, దరఖాస్తు సంఖ్యతో పాటు పని ఏ తేదీలోగా పూర్తి కావాలో కూడా అచ్చయి ఉంటుంది. మండల కార్యాలయం అరుగు మీద "రేపు రండి" అన్న మాట విని విని తిరిగివచ్చిన తరానికి ఇది చిన్న విషయం కాదు.

ఆ తేదీకి మూలం 1997 మే 24న ఢిల్లీలో జరిగిన ముఖ్యమంత్రుల సదస్సులో ఉంది. బ్రిటన్‌లో జాన్ మేజర్ ప్రభుత్వం 1991లో తెచ్చిన సిటిజన్ చార్టర్ అప్పటికే చాలా దేశాలకు నమూనా అయింది. మన దగ్గర కూడా ప్రజలతో పనిపడే శాఖలు తమ సేవలనూ వాటి గడువులనూ ముందే ప్రకటించాలన్న నిర్ణయం ఆ సదస్సు తర్వాతే ఊపందుకుంది. కార్యాలయాల గోడలకు బోర్డులు వెలిశాయి గానీ, చార్టర్‌కు చట్టబలం లేనందువల్ల దాన్ని చూపించి ఏ అధికారినీ నిలదీసే వీలు లేకపోయింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందుగా కౌంటరును మార్చింది. 1999లో బంజారాహిల్స్‌లో 'ట్విన్స్' పేరిట ప్రయోగంగా మొదలై 2001లో ఈసేవగా విస్తరించిన కేంద్రాల్లో కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఆస్తి పన్ను ఒకేచోట కట్టగలిగారు. అయితే బిల్లు కట్టించుకోవడంలో ఎవరి విచక్షణకూ తావు లేదు. ధ్రువపత్రాల సంగతి వేరు. 2011 నవంబరులో ప్రారంభమైన మీసేవ, పచ్చసిరా సంతకం స్థానంలో డిజిటల్ సంతకాన్ని తెచ్చి, సేవలను రెండు తరగతులు చేసింది. అడంగల్ (పొలం సాగు వివరాల రికార్డు) నకలు వంటివి కంప్యూటర్లో ఉన్నవే కాబట్టి అప్పటికప్పుడు చేతికి వస్తాయి. విచారణ కావలసినవి రెండో తరగతి. జాప్యమంతా ఇక్కడే, రెవెన్యూ సిబ్బంది ఒకరి తర్వాత ఒకరు చూసి పైకి పంపే మెట్ల మీదే.

జాప్యానికి అధికారి జేబు నుంచి మూల్యం కట్టించడం 2005 నాటి సమాచార హక్కు చట్టం నేర్పిన పాఠం: 30 రోజుల గడువు, కారణం లేకుండా దాటితే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా. అదే సూత్రాన్ని సేవలకు వర్తింపజేస్తూ 2010లో మధ్యప్రదేశ్ దేశంలోనే మొదటి సేవల హామీ చట్టం తెచ్చింది, జరిమానా సొమ్మును దరఖాస్తుదారుడికే పరిహారంగా ఇచ్చే వీలు కల్పించింది. దాని విలువంతా ఈ చివరి అంశంలోనే ఉందనిపిస్తుంది. ఇలాంటి హామీ కోసమే 2011లో లోక్‌సభ ముందుకు వచ్చిన కేంద్ర బిల్లు 2014లో సభతో పాటే మురిగిపోయింది. ఆంధ్రప్రదేశ్ 2017లో తనదైన చట్టం చేసుకుంది. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలతో కౌంటరును ఊరి నడుమకే తెచ్చింది, 2025 జనవరిలో 'మన మిత్ర'తో వాట్సాప్‌లోకీ ఎక్కించింది.

అయినా, గడువు ముంచుకొచ్చినప్పుడు "పత్రాలు చాలవు" అని ఒక కొర్రీ వేసి దరఖాస్తును తిరస్కరిస్తే, కంప్యూటర్ లెక్కలో అది సకాలంలో తేలిన పనే. దరఖాస్తుదారుడు మళ్లీ రుసుము కట్టి, కొత్త తేదీ ఉన్న మరో రసీదు తీసుకోవాలి.