ఒకటిన్నర డిగ్రీ వెసులుబాటు: పగడాల వాదన వెనుక కథ

2023 మొదలు 2025 మార్చి దాకా ప్రపంచ పగడపు దిబ్బల్లో 84 శాతం, తెల్లబారేంత వేడికి గురయ్యాయి. దాంతో పాత వాదన మళ్లీ లేచింది: పగడాలు వాటంతట అవే సర్దుకుంటాయట, కంగారు అక్కర్లేదట. ఈ వాదనకు అసలు బలం 2006లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా పరిశోధన.

పగడం ఒంట్లో సూక్ష్మ నాచు ఉంటుందనీ, వేడెక్కితే ఆ నాచు పోయి పగడం తెల్లబారుతుందనీ చాలామందికి తెలుసు. ఆ నాచులో రకాలున్నాయన్నదే ఇక్కడ కీలకం. ఆ 2006 పరిశోధన చేసిన శాస్త్రవేత్తలు రే బెర్కెల్‌మన్స్, మడలైన్ వాన్ ఆపెన్. ఆస్ట్రేలియాలో కాస్త చల్లటి నీళ్లుండే కెపెల్ దీవుల నుంచి వాళ్లు అక్రోపోరా మిల్లెపోరా అనే జాతి పగడాలను తెచ్చి, ఉత్తరాన టౌన్స్‌విల్ ఎదుట ఉన్న మాగ్నెటిక్ దీవి దగ్గర నాటారు. వేసవికి అవి తెల్లబారాయి. తేరుకున్నవాటిలో సి అనే రకం నాచు వెనక్కి తగ్గి, వేడికి ఎక్కువ ఓర్చే డి రకం నిండింది. డి బయటి నుంచి వచ్చి చేరలేదని, ముందే లోపల కొద్దిగా ఉన్నదే సి పోయిన చోట విస్తరించిందని వాళ్లు తేల్చారు. అలా మారిన పగడాలు 1 నుంచి 1.5 డిగ్రీల సెల్సియస్ అదనపు వేడిని తట్టుకున్నాయి.

ఇది చిన్న లాభమేమీ కాదు. ఏడాదిలో అన్నిటికన్నా వేడి నెల సగటు కన్నా నీళ్లు 1 డిగ్రీ ఎక్కువ వేడెక్కితే పగడానికి ఒత్తిడి మొదలవుతుంది. అదనపు డిగ్రీలను వారాలతో గుణిస్తారు: 4 దగ్గర తెల్లబారడం, 8 దగ్గర చావులు. అంటే 2 డిగ్రీల అదనపు వేడి నాలుగు వారాలుంటే చాలు, 8 అయిపోతుంది. అలాంటప్పుడు ఒకటిన్నర డిగ్రీ ప్రాణం నిలబెడుతుంది.

కానీ అదే పత్రంలో ఇంకో మాట ఉంది. వేరే ఆసరా లేకపోతే రాబోయే వందేళ్ల వేడికి ఇది చాలకపోవచ్చు, ఉద్గారాలు తగ్గించేలోగా కొంత గడువు మాత్రం దొరకొచ్చు అని. మొదటి సగం చెప్పి ఈ సగం మింగేయడం వల్లే గొడవ ఇంతదాకా వచ్చింది. తెల్లబారడమే పగడానికి కొత్త నాచును ఎంచుకునే అవకాశమని 2001లోనే ఆండ్రూ బేకర్ అనే శాస్త్రవేత్త పనామా ప్రయోగంతో వాదించాడు. కానీ బేకర్ మార్చింది పగడాలుండే లోతును, అంటే ప్రధానంగా వెలుతురును. వేడి సంగతి సూటిగా తేలింది మాగ్నెటిక్ దీవి దగ్గరే.

తర్వాత బయటపడింది దాని ఖరీదు. కెపెల్ దీవుల్లో డి రకం నాచున్న పగడాలు సి ఉన్నవాటికన్నా 38 శాతం నెమ్మదిగా పెరిగాయని 2010లో తేలింది. తుపాను విరిచిన దిబ్బ మళ్లీ కట్టుకోవాలంటే ఆ వేగం ప్రాణావసరం. పైగా ఈ మార్పు నిలుస్తుందన్న భరోసా లేదు. అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దీవుల్లో 1997-98 వేడి తర్వాత డి కనిపించిన పగడాల్లో కొన్నేళ్లకు పాత నాచే తిరిగొచ్చింది. ఈలోగా రెండు తెల్లబారడాల మధ్య విరామమే కరిగిపోయింది. 1980ల తొలినాళ్లలో ఒక దిబ్బ తీవ్రంగా తెల్లబారేది 25-30 ఏళ్లకోసారి. 2016కల్లా అది ఆరేళ్లకు దిగింది. త్వరగా పెరిగే పగడాలు కోలుకోవడానికే పదేళ్లకు పైగా పడుతుంది.

నాచును ప్రయోగశాలలో రాటుదేల్చే పనిని వాన్ ఆపెన్ బృందమే చేపట్టింది. 31 డిగ్రీల దగ్గర నాలుగేళ్లు పెంచిన సి నాచు పది ఉపరకాలూ విడిగా ఆ వేడిని తట్టుకున్నాయి. పగడపు లార్వాల్లోకి చేర్చినప్పుడు మాత్రం మూడు ఉపరకాలే వాటిని కాపాడాయని 2020లో వెల్లడించారు. మిగతా ఏడూ సీసాలో బాగానే పెరిగినా పగడానికి మేలు చేయలేదు.