బీరు మందు కాదా? బడి పిల్లల దగ్గర నేను విన్న అపోహలు, చెప్పే వాస్తవాలు

విశాఖలో ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలకు మత్తు పదార్థాల గురించి క్లాసులు చెప్పడం నా పని. గాజువాక వెళ్లినా, ఆరిలోవ వెళ్లినా స్టాఫ్ రూములో టీ చేతికిచ్చి మొదట అనే మాట ఒకటే: "కాస్త గట్టిగా భయపెట్టండి మేడమ్."

అపోహ: భయపెడితే జోలికి పోరు.

మొదట్లో నేనూ పాడైపోయిన ఊపిరితిత్తుల ఫొటోలు పట్టుకెళ్లేదాన్ని. జాలారిపేట వైపు ఒక బడిలో ఓ పిల్ల లేచి, "మా నాయనమ్మ రోజూ అడ్డపొగ కాలుస్తాది మేడమ్, ఆవిడకేం కాలేదు" అంది. క్లాసంతా ఒకటే నవ్వు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ఆ అలవాటు మన ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లకు పాతదే. అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని డాక్టర్లు ఏనాడో తేల్చారు. కానీ ఆ పిల్లకు ఎదురుగా కనిపిస్తున్న నాయనమ్మ నిజం, నా ఫొటో అబద్ధం. ఒక్కటి నమ్మలేదంటే నేను చెప్పే మిగతావీ నమ్మరు. ఫొటోలు అప్పటి నుంచి బీరువాలోనే ఉన్నాయి.

అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్‌లో డేర్ అనే కార్యక్రమం మొదలైంది. పోలీసులే బడికొచ్చి పాఠం చెప్పేవారు. బోలెడు పేరొచ్చింది. తీరా పరిశోధకులు లెక్క చూస్తే, ఆ పాఠం విన్న పిల్లలకూ విననివాళ్లకూ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తర్వాత వాళ్లే పాఠాలు మార్చుకున్నారు. మాదకద్రవ్యాల వ్యతిరేక దినమని జూన్ 26న ర్యాలీ తీసి, ప్రతిజ్ఞ చేయించి, పని అయిపోయిందనుకునేవాళ్లకు ఈ సంగతి చెబుతుంటాను. పెద్దగా నచ్చదు. బీచ్ రోడ్డులో ఎండన పడి నడిచిన పిల్లలకు గుర్తుండేది చివర్లో ఇచ్చిన మజ్జిగ ప్యాకెట్టే.

అపోహ: బీరు మందు కాదు, ఒంటికి చలవ.

ఇది పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న మాట. "మా డాడీ మందు తాగరు మేడమ్, బీరే" అని గర్వంగా చెబుతారు. దీనికి ఉపన్యాసం ఇవ్వను. ఏడో తరగతిలో శాతాలు ఉన్నాయి కదా, బోర్డు మీద లెక్క వేయిస్తాను. స్ట్రాంగ్ బీరు సీసా 650 మిల్లీలీటర్లు, ఆల్కహాలు 8 శాతం అనుకోండి: 52 మిల్లీలీటర్లు. విస్కీ లార్జ్ పెగ్గు 60 మిల్లీలీటర్లు, 42.8 శాతం: దాదాపు 26. సుద్దముక్క పట్టుకున్న పిల్లాడు రెండు అంకెలూ చూసి, "అయితే ఒక సీసా రెండు పెగ్గులా!" అని వెనక్కి తిరుగుతాడు. ఆ ఒక్క క్షణం కోసమే నేను పాతిక కిలోమీటర్లు బస్సులో వెళ్తాను. చలవ మాటకొస్తే, ఆల్కహాలు మూత్రం ఎక్కువ చేసి ఒంట్లో నీరు తీసేస్తుంది. మన ఉక్కపోతలో అది కావలసిన పనేనా?

ఈ లెక్క ఇంట్లో చెప్పిన పిల్లాడితో వాళ్ల నాన్న, "మీ మేడమ్‌కి వేరే పని లేదా?" అన్నారట.

అపోహ: ఇంత చిన్నవాళ్లకు చెబితే లేని ఆలోచన పుట్టిస్తాం.

మత్తు పదార్థాల వాడకంపై 2019లో వచ్చిన జాతీయ సర్వే నివేదికలో ఒక అంకె ఉంది. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ లాంటివి పీల్చేవాళ్లు పెద్దల్లో 0.58 శాతం ఉంటే, 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 1.17 శాతం. శాతంలో చూస్తే పెద్దల కంటే పిల్లలే ఎక్కువగా వాడేది ఇదొక్కటే. ఏది ఎలా వాడతారో మాత్రం క్లాసులో ఎప్పుడూ చెప్పను.

అపోహ: గంజాయి ఆకే కదా.

గంజాయికి పేరుపడ్డ ఏజెన్సీ పక్కనే ఉన్న ఊరు మనది, ఈ మాట మామూలైపోయింది. ఉమ్మెత్త కూడా ఆకే. ఎదిగే వయసులో గంజాయి అలవాటైతే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయి. కొందరిలో మతి చలించే జబ్బుకూ దారితీస్తుంది. 1985 చట్టం ప్రకారం దగ్గర ఉంచుకోవడమే నేరం.

అపోహ: "నో చెప్పు" అని నేర్పితే చాలు.

ఎవరికి చెప్పాలి? పిల్లలు ఊహించుకునేది నల్లకళ్లద్దాల విలన్‌ని. ఇచ్చేది మాత్రం పెళ్లింట్లో బావ, లేకపోతే క్రికెట్ టీములో బ్యాటు ఇచ్చే అన్న. అందుకే నాటకం వేయిస్తాను. ఒకడు అన్న, ఒకడు తమ్ముడు.

"ఒక్క దమ్మురా, ఏం కాదు."

"వద్దన్నా."

"ఏంట్రా, భయమా?"

ఇక్కడ ప్రతి క్లాసులోనూ తమ్ముడు నోరు మెదపడు. అప్పుడు మిగతావాళ్లు మాటలు అందిస్తారు. "అమ్మ వాసన పట్టేస్తుందన్నా", "నా బ్యాటింగొచ్చింది, వెళ్తున్నా". ఓ అమ్మాయి, "అవును, భయమే. అయితే?" అంది. ఆ మాట నాకు కూడా తట్టలేదు.

అపోహ: దొరికితే టీసీ ఇచ్చి పంపేయాలి.

పంపేస్తే వాడు వెళ్లేది ఆ ఇచ్చిన అన్న దగ్గరికే. బడికి వంద గజాల లోపు సిగరెట్లు, గుట్కాలు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. ఒకచోట పిల్లలు గేటు నుంచి బడ్డీ దాకా అడుగులు లెక్కపెట్టి వచ్చారు: నలభై రెండు. ముందు పంపేయాల్సింది ఆ బడ్డీని.

చివర్లో మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446 నోటుబుక్కు వెనక అట్ట మీద రాయిస్తాను. డబ్బు కట్టక్కర్లేదు. మొన్న బెల్ కొట్టాక ఓ కుర్రాడు ఆగి, చెప్పుతో నేల రాస్తూ అడిగాడు: "మేడమ్, ఇది మా నాన్నకి కూడా పనిచేస్తుందా?"

చేస్తుందన్నాను. నంబరు సరిగ్గా రాసుకున్నాడో లేదో పుస్తకం తీసి చూశాను.