క్యాంపు సరే, వెనకున్న సంస్థ సంగతేంటి?

అమెరికాలో పశువైద్యం చదివే విద్యార్థులను ఏళ్లుగా వెంటాడుతున్న చిక్కు ఒకటుంది. రూరల్ ఏరియా వెటర్నరీ సర్వీసెస్ అనే కార్యక్రమం నేటివ్ అమెరికన్ రిజర్వేషన్లలో, అంటే అక్కడి మూలవాసి తెగలకు కేటాయించిన ప్రాంతాల్లో, ఉచిత పశువైద్య క్యాంపులు పెడుతుంది. పొట్టిగా 'రావ్స్' అంటారు. దగ్గర్లో క్లినిక్ అనేదే లేని ఊళ్లవి. విద్యార్థి దారిఖర్చులు తానే పెట్టుకుని వెళ్లాలి, బడి జిమ్‌లోనో కమ్యూనిటీ హాల్లోనో నేలమీద పడుకోవాలి. అలా వారం రోజులు కుక్కలకూ పిల్లులకూ సంతాన నిరోధక ఆపరేషన్లలో పాల్గొంటే చెయ్యి తిరుగుతుంది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. తకరారంతా ఈ క్యాంపులు నడిపే మాతృసంస్థతోనే. దాని పేరు హ్యూమేన్ సొసైటీ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్. 2025 ఫిబ్రవరిలో హ్యూమేన్ వరల్డ్ ఫర్ యానిమల్స్‌గా పేరు మార్చుకుంది. పందులు, కోళ్లు, పాడి మీద బతికే కుటుంబాల్లో ఈ పేరెత్తితే ముఖం మాడ్చుకుంటారు. రేపు అదే రైతుల దగ్గర పని చేయాలనుకునే విద్యార్థి ఇప్పుడీ దరఖాస్తు నింపాలా, వద్దా?

తగాదా కోళ్ల బోనుల దగ్గర మొదలైందనుకుంటారు చాలామంది. అసలు మొదలైంది కుక్కల దగ్గర. 1940లు, 50లలో వైద్య పరిశోధన పెరిగేకొద్దీ ప్రయోగశాలలకు కుక్కలు కావలసివచ్చాయి. యజమానులు వెతుక్కుంటూ రాని కుక్కలను మున్సిపల్ పౌండ్లు (వీధికుక్కలను పట్టి ఉంచే చోట్లు), షెల్టర్లు ల్యాబులకు అప్పగించాలని కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేశాయి. న్యూయార్క్ 1952లో అలాంటి చట్టం తెచ్చింది, 1979 దాకా దాన్ని రద్దు చేయలేదు. 1877 నుంచీ ఉన్న అమెరికన్ హ్యూమేన్ అసోసియేషన్ ఈ విషయంలో గట్టిగా నిలబడటం లేదని లోపలివాళ్లే కొందరు తిరగబడ్డారు. 1954 నవంబరులో బయటికొచ్చి వాళ్లు పెట్టుకున్న వేరు కుంపటే ఈ హ్యూమేన్ సొసైటీ. కబేళాల్లో పశువును స్పృహ తప్పించాకే కోయాలన్న 1958 చట్టం కోసం పోరాడినవాళ్లలో వీళ్లున్నారు. 1966లో వీళ్ల పరిశోధకుడు మేరీల్యాండ్‌లో ఒక కుక్కల వ్యాపారి ఆవరణ మీద జరిగిన దాడికి లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకెళ్లాడు. ఎముకలు తేలిన కుక్కల ఫొటోలు అచ్చయ్యాయి, ఉత్తరాలు వెల్లువెత్తాయి, ఆ ఏడే జంతు సంక్షేమ చట్టం వచ్చింది. కెమెరా పట్టుకుని లోపలికి వెళ్లడమనే పద్ధతి అప్పటినుంచీ వీళ్ల చేతిలో ఉంది.

ఈ కథలో పశువైద్య కళాశాలలు తొలుత అవతలి పక్షం. సర్జరీ నేర్పడానికి పౌండ్ల నుంచి వచ్చిన కుక్కలే ఆధారం. కుక్కకు మత్తిచ్చి, పొట్ట తెరిచి, విద్యార్థి సాధన అయ్యాక మత్తులోంచి లేవనివ్వకుండానే చంపేసేవారు. దీన్ని 'టెర్మినల్ సర్జరీ' అంటారు. దీనికి ఎదురుతిరిగిన పశువైద్యులు 1981లో జంతు హక్కుల పేరుతో ఒక సంఘం పెట్టారు. తర్వాతి దశాబ్దాల్లో విద్యార్థులే 'మేం చేయం' అనడం మొదలుపెట్టారు. కళాశాలలు ఒక్కొక్కటిగా వెనక్కి తగ్గాయి. మరి నిజమైన కణజాలం మీద కత్తి పెట్టడం ఎక్కడ నేర్చుకోవాలి? షెల్టర్లలో, పల్లె క్యాంపుల్లో. ఎలాగూ ఆపరేషన్ అవసరమైన కుక్క, సాయంత్రానికి లేచి ఇంటికి వెళ్లే కుక్క. రావ్స్ పుట్టింది ఈ ఖాళీలోనే. 1990లలో ఎరిక్ డేవిస్ అనే పశువైద్యుడు అపలాచియా కొండప్రాంతాల్లో ఈ పని మొదలుపెట్టారు, 2000ల తొలినాళ్లలో అది హ్యూమేన్ సొసైటీ గొడుగు కిందికి చేరింది. కాబట్టి మాతృసంస్థను ఈసడించుకునే విద్యార్థికి కూడా చంపనక్కర్లేకుండా సర్జరీ నేర్చుకునే దారి దొరికిందంటే, అందులో ఈ ఉద్యమం చెయ్యి కొంత ఉంది. విమర్శకులు ఈ సంగతి సాధారణంగా ఎత్తరు.

పశువైద్యుల్లో చీలిక ముదిరింది 2008లో. ఆ ఒక్క ఏడాదిలో మూడు జరిగాయి. జనవరి చివర కాలిఫోర్నియాలోని చినో పట్నం కబేళాలో రహస్యంగా తీసిన వీడియో బయటపెట్టారు. లేవలేని పాడి ఆవులను ఫోర్క్‌లిఫ్టుతో నెడుతున్న దృశ్యాలవి. ఫిబ్రవరిలో 14.3 కోట్ల పౌండ్ల గొడ్డుమాంసం, అంటే సుమారు ఆరున్నర కోట్ల కిలోలు, మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు. అప్పటికి అమెరికాలో అంత పెద్ద రీకాల్ లేదు. వీడియో తీసింది 2007 చివర్లో, బయటపెట్టడానికి అంతకాలం ఎందుకాగారు అని మాంసం పరిశ్రమ నిలదీసింది. ముందు జిల్లా ప్రాసిక్యూటర్‌కే ఇచ్చామని సంస్థ జవాబు. ఏదేమైనా, నడవలేని పెద్ద పశువులను ఆహారానికి కోయడం మీద 2009లో పూర్తి నిషేధం వచ్చింది.

రెండోది నవంబరులో కాలిఫోర్నియా ఓటర్ల ముందుకొచ్చిన ప్రొపొజిషన్ 2. గుడ్ల కోళ్లు, చూలు పందులు, మాంసపు దూడలు బోనులో లేచి నిలబడి, వెనక్కి తిరిగి, కాళ్లూ రెక్కలూ చాచుకోగలగాలని అది చెప్పింది. 63 శాతానికి పైగా ఓట్లతో నెగ్గింది. దేశవ్యాప్త పశువైద్యుల సంఘం దాని మీద అనుమానాలు వెలిబుచ్చితే, కాలిఫోర్నియా రాష్ట్ర సంఘం మాత్రం సమర్థించింది. ఒళ్లు మండిన కొందరు సభ్యులు విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నారు. మూడోది, హ్యూమేన్ సొసైటీ 1981 నాటి ఆ హక్కుల సంఘాన్ని తనలో కలుపుకుని హ్యూమేన్ సొసైటీ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ అనే పశువైద్య విభాగం ప్రారంభించింది. దేశవ్యాప్త పశువైద్యుల సంఘానికి పోటీగా పెట్టిన దుకాణమిది అని పశుపోషణ వైద్యులు అనుకున్నారంటే అందులో పూర్తిగా అన్యాయమేమీ లేదు. చట్టసభల ముందు 'పశువైద్యులు కూడా మా వైపే' అనడానికి సంతకాలు కావాలి కదా. రావ్స్ ఈ విభాగం పేరుతోనే నడిచింది. విద్యార్థుల తలనొప్పికి మూలం ఇదే.

తర్వాతి మచ్చల్లో డబ్బుదొకటి, నడతదొకటి. రింగ్లింగ్ బ్రదర్స్ సర్కస్ ఏనుగులను హింసిస్తోందని జంతు సంఘాలు వేసిన దావా 2009లో వీగిపోయింది. వాదిగా నిలబడ్డ మాజీ ఉద్యోగికి ఆ సంఘాల నుంచే డబ్బు అందుతోందని తేలింది. వాదుల్లో ఒకటైన ఫండ్ ఫర్ యానిమల్స్ అప్పటికే హ్యూమేన్ సొసైటీలో కలిసిపోయి ఉంది. సర్కస్ యజమాని ఎదురుదావా వేయగా, 2014లో హ్యూమేన్ సొసైటీ, మిగతా ప్రతివాదులు కలిసి 1.575 కోట్ల డాలర్లకు రాజీ పడ్డారు. 2018 ఫిబ్రవరిలో లైంగిక వేధింపుల ఆరోపణలపై అధినేత వేన్ పసెల్ రాజీనామా చేశారు. ఆరోపణలను ఆయన ఖండించారు. అంతకు ముందురోజే బోర్డు ఆయన్ను కొనసాగించాలని నిర్ణయించడంతో కొందరు బోర్డు సభ్యులు నిరసనగా తప్పుకున్నారు.

ఎక్కువ వినిపించే నింద ఇంకొకటి: 'ఊళ్లో హ్యూమేన్ సొసైటీ షెల్టరుకు అనుకుని జనం డబ్బిస్తే ఇది తీసుకుంటుంది'. ఊరి షెల్టర్లకు ఆ పేరున్నా వాటికీ దీనికీ శాఖల సంబంధం లేదు, దీని నుంచి నేరుగా నడిచేవీ కావు. పేరు తెచ్చే తికమక నిజమేనని 2025లో పేరు మార్చినప్పుడు సంస్థే ఒప్పుకుంది. అయితే ఈ నిందను ఊరూరా మోగించిన ప్రచారం వెనుక రిచర్డ్ బెర్మన్ సంస్థ ఉంది. దానికి ఆహార, రెస్టారెంట్ పరిశ్రమల డబ్బు అందుతుంది. రెండు వైపులా డప్పు కొట్టేవాళ్లే, కాబట్టి కాగితం చూడాలి. పన్నుశాఖకు ఏటా ఇచ్చే 990 ఫారం ఎవరడిగినా చూపించి తీరాలి. అందులో మూడో భాగం చేసిన పనులు చెబుతుంది. తొమ్మిదో భాగంలో ఖర్చు మూడు గడుల్లో ఉంటుంది: కార్యక్రమాలు, నిర్వహణ, చందాల సేకరణ. అదే భాగంలో 26వ వరుస తప్పక చూడాలి. చందా అడిగే ఉత్తరంలో రెండు మంచిమాటలు చేర్చి, ఆ ఖర్చులో కొంత 'ప్రజలకు అవగాహన' కింద రాసుకునే వెసులుబాటు అక్కడే బయటపడుతుంది. లాబీయింగ్ మీద అనుమానమున్నవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. 501(హెచ్) పద్ధతి ఎంచుకున్న ధార్మిక సంస్థ ఎంత పెద్దదైనా దాని మీద ఏడాదికి 10 లక్షల డాలర్లు మించి ఖర్చు పెట్టకూడదు. అందుకే రాజకీయ పనికి వేరే సంస్థ పెట్టుకుంటారు.

ఇక క్యాంపును క్యాంపుగా తూచాలి. షెల్టర్ పశువైద్యుల సంఘం సంతాన నిరోధక ఆపరేషన్లకు 2008లో మార్గదర్శకాలు ప్రచురించింది, 2016లో సవరించింది. ఎవరు నడిపే క్యాంపైనా వీటితోనే కొలవాలి. ప్రతి జంతువుకూ విడి సర్జరీ ప్యాకు, కొత్త స్టెరైల్ గ్లవ్స్ ఉండాలి. నొప్పి మందు ఐచ్ఛికం కాదు. కూనలను నాలుగు గంటలకు మించి పస్తు పెడితే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఆపరేషన్ అయిన గుర్తుగా పొట్ట మీద పచ్చటి టాటూ గీత వేయాలి. లేకపోతే రెండేళ్ల తర్వాత మరో డాక్టరు లేని గర్భసంచి కోసం పొట్ట తెరుస్తాడు.

క్యాంపులో మొదటి పొరపాటు కత్తి దగ్గర కాదు, తూకం దగ్గర జరుగుతుంది. తూకం యంత్రం 40 చూపిస్తుంది. అది పౌండ్లు, అంటే 18 కిలోలు. మెలాక్సికామ్ అనే నొప్పి మందు తొలి మోతాదు కిలోకు 0.2 మిల్లీగ్రాములు, కాబట్టి కావలసింది 3.6 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములుండే మందైతే సిరంజిలో 0.72 మిల్లీలీటర్లు. హడావిడిలో 40 కిలోలని రాసుకుంటే 1.6 ఎక్కుతుంది, ఆ తప్పు మత్తుమందులోనూ అలాగే నడుస్తుంది. అందుకే ఒకరు లెక్కగట్టాలి, రెండోవాళ్లు కాగితం చూడకుండా మళ్లీ లెక్కగట్టాలి, సిరంజి మీద పేరు రాయాలి.

చెయ్యి తిరిగిన సర్జన్ పావుగంటలో ముగించే ఆపరేషన్ విద్యార్థికి గంట దాటుతుంది. ఆ గంటలో కుక్క ఒళ్లు చల్లబడుతుంది. గొరిగిన పొట్ట, శుభ్రం చేసిన తడి, కింద సిమెంటు నేల, అన్నీ కలిసి వేడి లాగేస్తాయి. ఒళ్లు చల్లబడితే మత్తు దిగడమూ ఆలస్యమే. కుడి అండాశయం ఎడమదానికంటే ముందుకు, లోతుగా ఉంటుంది. ఛాతీ లోతైన, కొవ్వు పట్టిన ఆడకుక్కలో దాని కాడకు వేసిన ముడి జారితే రక్తం కంటికి కనబడని చోట నిండుతుంది. అప్పుడు చెయ్యి కడుక్కుని గ్లవ్స్ వేసుకోగల డాక్టరు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడనేదే ప్రాణం నిలబెట్టేది. కాబట్టి దరఖాస్తుకు ముందు అడగాల్సినవి: ఒక డాక్టరుకు ఎన్ని బల్లలు? మత్తు చూసే విద్యార్థికి అదొక్కటే పనా? కుట్లు చర్మం లోపలే కరిగేవా? పది రోజుల తర్వాత కుట్లు తీయడానికి అక్కడ ఎవరూ ఉండరు. జట్టు బస్సెక్కిన మూడోరోజు కుట్టు విడిపోతే ఫోను ఎవరు ఎత్తుతారు?

చట్టం సంగతి పొట్టిగా. డాక్టర్లు మత్తుమందు కెటమిన్ లాంటి నియంత్రిత మందులను నమోదైన చిరునామా దాటి తీసుకెళ్లడానికి 2014 నాటి ఫెడరల్ చట్టం వీలిచ్చింది. అంతకుముందు ఇలాంటి క్యాంపులు సందిగ్ధంలోనే నడిచేవి. రిజర్వేషన్‌లో పాలన తెగ ప్రభుత్వానిది, కాబట్టి క్యాంపుకు ఆ ప్రభుత్వపు ఆహ్వానం ఉందో లేదో అడగాలి. రేబిస్ ముందస్తు టీకా 2022 నుంచి రెండు డోసులు, సున్నా రోజున, ఏడో రోజున. అరిజోనాలో కొన్ని రిజర్వేషన్లలో కుక్కల పిడుదులు మనుషులకు రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్ అనే జ్వరం అంటిస్తాయి, అక్కడికి వెళ్లేవాళ్లు సాక్సుల్లోకి ప్యాంటు దోపుకోవాలి.

క్యాంపులో పనిచేయడం వేరు, పశువైద్య విభాగంలో సభ్యత్వం తీసుకోవడం వేరు. మీ శ్రమ ఆ కుక్కకు పోతుంది. సభ్యత్వం తీసుకుంటే మీ పేరు వాళ్ల పశువైద్యుల లెక్కలో చేరుతుంది. దరఖాస్తుకు సభ్యత్వం తప్పనిసరా అని అడిగి తేల్చుకోండి. ఫొటో అనుమతి పత్రాన్ని కూడా చదవకుండా సంతకం పెట్టకూడదు. చందాల ఉత్తరం మీద మీ ముఖం వస్తే ఫరవాలేదనుకుంటేనే పెట్టాలి, లేదంటే ఆ వాక్యం కొట్టేసి పంపి చూడాలి. రెజ్యూమేలో మాతృసంస్థ పేరు దాచిపెడితే ఇంటర్వ్యూలో అదే పట్టుకుంటారు. కార్యక్రమం పేరు, రిజర్వేషన్ పేరు, డాక్టరు పర్యవేక్షణలో మీరు స్వయంగా చేసిన ఆపరేషన్ల సంఖ్య, మత్తు చూసిన కేసుల సంఖ్య రాయండి. పందుల ఫారాల డాక్టరు ఆ సంస్థ గురించి అడిగితే, అదే విభాగం గర్భిణి పందుల క్రేట్ల (ఇరుకు బోనుల) మీద ఏమంటుందో, మీరేమంటారో ముందే తెలిసి ఉండాలి. కాలిఫోర్నియా 2018 నాటి ప్రొపొజిషన్ 12 ప్రకారం ఆ పందికి 24 చదరపు అడుగులు ఇవ్వాలి, మామూలు క్రేటు సుమారు 2 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. 2023 మేలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఆయన అడగబోయేది ఆ పది చదరపు అడుగుల తేడా గురించే.